రోజారాణి గాలి తెప్ప

శామీర్‌పేట దాటి మేడ్చల్ వైపు మళ్లే దారిలో, ఊరి చెరువు కట్టను ఆనుకుని ఉన్న ఇళ్లలో రోజారాణి ఇల్లు ఒకటి. ఇంట్లో ఆమె, మొగుడు కుమార్, అత్త సాలమ్మ. చేపలు పట్టి బతికే కుటుంబం. కుమార్ వల వేసి తెస్తే, రోజారాణి ఆదివారాలు యాప్రాల్‌లో, మిగతా రోజులు మేడ్చల్ రోడ్డు పక్కన కూర్చుని అమ్మేది. బహదూర్‌పల్లిలో పుట్టింట ఉన్నన్నాళ్లు తండ్రి తెప్ప వెనక కూర్చుని వలలోంచి చేపలు విడదీసే పని ఆమెదే. పెళ్లయి ఈ ఊరొచ్చిన మొదటి రోజే, ఇక్కడ ఆడవాళ్లు చెరువులోకి పోరని సాలమ్మ చెప్పింది. రోజారాణి సరేనంది. ఏళ్ల తరబడి ఆ మాట మీదే ఉంది.

కిందటి ఎండాకాలం కుమార్ ఆ బోర్డు తెచ్చేదాకా.

దగ్గర్లోని ఒక రిసార్టులో అతనికి తెలిసినవాళ్లున్నారు. అక్కడికొచ్చేవాళ్లు నిలబడి తెడ్డు వేసుకుంటూ నీళ్ల మీద తిరగడానికి గాలి నింపే బోర్డులుంటాయి. ఒకదానిలో గాలి నిలవడం లేదని మూల పడేశారు. కుమార్ అడిగి తెచ్చుకున్నాడు. సంచిలోంచి తీసి వాకిట్లో పరిచి పంపు కొట్టడం మొదలుపెట్టాడు. అంగీ తడిసి వీపుకు అంటుకున్నా ఆపలేదు. చూస్తుండగానే అది మంచం కంటే పొడుగ్గా, చెక్కలాగా గట్టిగా తయారైంది.

“ఏందిది?” అంది రోజారాణి.

“బోర్డు. దీని మీద నిలవడి గాలమేస్తరు. ఫోన్ల సూడలేదా?”

“పరుపు లెక్కున్నది. మనకు తెప్ప ఉన్నది గదా.”

“తెప్ప ప్రణయ్‌కు పంపిన,” అన్నాడు కుమార్, పంపు మీంచి తల ఎత్తకుండా.

ప్రణయ్ రోజారాణి తమ్ముడు. థర్మాకోల్ ముక్కల్ని గోనెసంచుల్లో కుట్టి కట్టిన ఆ తెప్ప మీదే వీళ్ల ఇల్లు ఇన్నేళ్లూ నడిచింది. దాన్ని కుమార్ ఆ పొద్దున్నే ట్రాలీ ఆటో ఎక్కించి బహదూర్‌పల్లి పంపేశాడు. వేరే ఎవరికి ఇచ్చినా రోజారాణి ఆ పూటే వెళ్లి లాక్కొచ్చేది. తమ్ముడి దగ్గరికి వెళ్లి ఇచ్చింది వెనక్కివ్వు అని ఎట్లా అడుగుతుంది? ఆ సంగతి కుమార్‌కు తెలుసు. తెలిసే ఇచ్చాడని ఆమె నమ్మకం. ఆ రోజు అన్నం వడ్డించింది గాని మాట్లాడలేదు.

మరుసటి రోజు నుంచి బోర్డు పురాణం మొదలైంది. పొద్దున గట్టిగా ఉండేది, ఎండెక్కేసరికి నడుమ వంగేది. పంక్చర్ షాపు రషీద్ దాన్ని నీళ్ల తొట్టిలో ముంచి చూసి, గాలి ఎక్కించే మూతి దగ్గరే కారుతోందని కనిపెట్టాడు. “నేను ఆటో ట్యూబులు జేసెటోన్ని కుమారన్నా, ఇది నాకు కొత్త,” అంటూనే ఏదో గమ్ము పూసి, మాసిక వేసి ఇచ్చాడు. కారడం తగ్గింది, పోలేదు.

దానికంటే పెద్ద చిక్కు, కుమార్ నిలబడే చేపలు పట్టాలనుకోవడం. వలను పక్కన పెట్టి గాలం కర్ర ఒకటి కొన్నాడు. చెరువు నడుమ తెడ్డు కాళ్ల దగ్గర పెట్టుకుని, కర్ర చాచి నిలబడేవాడు. కట్ట మీద షికారుకొచ్చిన పట్నం వాళ్లు వీడియోలు తీసేవాళ్లు. వాళ్లు తీస్తున్నారని తెలియగానే అతని నడుము ఇంకాస్త నిటారుగా లేచేది. చేప గాలానికి తగిలి గుంజితే మనిషి నీళ్లలో పడేవాడు, చేప పోయేది. మధ్యాహ్నం రెండు జిలేబి చేపలతో ఇంటికొచ్చేవాడు. ఆ రెండింటితో రోడ్డు పక్కన ఏం కూర్చుంటుంది? రోజారాణి వాటిని పులుసు పెట్టేది.

“వల తీస్కపోరాదూ,” అని రోజూ చెప్పింది.

“నేర్సుకునే దాంక గట్లనే ఉంటది. నీకు అన్నిటికి తొందర.”

వానలు మొదలయ్యే ముందు ఒక సాయంత్రం ఉన్నట్టుండి గాలి లేచింది. కుమార్ చెరువు నడుమ ఉన్నాడు. కూర్చోమని రోజారాణి కట్ట మీంచి కేక పెట్టింది. అతను చెయ్యి ఊపాడు. నిలబడ్డ మనిషిని గాలి తెరచాపను తోసినట్టు తోసింది. తెడ్డు జారి నీళ్లలో పడింది. బోర్డు అవతలి ఒడ్డున గుర్రపుడెక్క మొలిచిన మూలకు కొట్టుకుపోయి అందులో ఇరుక్కుంది. రోజారాణి చెప్పులు చేత పట్టుకుని కట్టంతా చుట్టి పరుగెత్తింది. ఆమె చేరేసరికి అతను ఒడ్డు దగ్గరే గదా అని దిగనే దిగాడు. బురదలో ఎవరో తాగి పారేసిన సీసా పెంకు అరికాల్లో దిగబడింది.

ఆమె నడుము లోతు నీళ్లలోకి పోయి, ఒక చేత్తో మొగుణ్ని, ఇంకో చేత్తో బోర్డును పట్టుకుని ఒడ్డుకు లాగింది. అతని కాలు చూసి చున్నీ చింపి కట్టు కట్టింది.

“గాలి మస్తున్నది ఇయ్యాల,” అన్నాడు కుమార్.

“మాట్లాడకు,” అంది రోజారాణి. “ఇంటికి పోయేదాంక ఏం మాట్లాడకు.”

కాలికి కుట్లు పడ్డాయి. గాయం ఎండేదాకా నీళ్లలో పెట్టొద్దన్నాడు డాక్టరు. కుమార్ మంచం మీద ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. తెప్ప బహదూర్‌పల్లిలో ఉంది. వల చూరుకు వేలాడుతోంది. నీళ్లలో పడ్డ తెడ్డు మాత్రం మర్నాడు ఒడ్డుకు కొట్టుకొచ్చి దొరికింది. రోజారాణి రెండు రోజులు వేరేవాళ్ల చేపలు కొని అమ్మి చూసింది. ఏమీ మిగల్లేదు. మూడో రోజు తెల్లవారక ముందే లేచి, పంజాబీ డ్రెస్సు మీద మొగుడి అంగీ తొడిగి, వాకిట్లో పంపు కొట్టసాగింది. ఆ చప్పుడుకు సాలమ్మ బయటికొచ్చింది.

“యాడికే?”

“చెరువుకు, అత్తమ్మా.”

 మొదటి రోజు చెప్పిన మాట సాలమ్మ మళ్లీ చెబుతుందనుకుంది రోజారాణి. ఆమె లోపలికెళ్లి, వల దించి తెచ్చి చేతికిచ్చింది.

నిలబడాలని రోజారాణి ఒక్కసారి కూడా అనుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుంది. రెండు ముక్కలుగా ఉన్న తెడ్డు కర్రను ఒకదానిలోకి ఒకటి దూర్చి పొట్టిగా చేసుకుంది. అయినా బోర్డు ఆమె చెప్పినట్టు వినలేదు. ఎడమ వైపు తెడ్డు వేస్తే కుడికి, కుడి వైపు వేస్తే ఎడమకు తిరిగి, ఎక్కిన చోటే సున్నాలు చుట్టింది. బోర్డు తిన్నగా పోవడానికి అడుగున బిగించిన రెక్కకు వల చిక్కుకుంటే, నీళ్లలోకి వంగి ఒక్కొక్క కన్నూ విడిపించుకోవాల్సి వచ్చింది. విసుగొచ్చి రెక్క పీకేస్తే బోర్డు ఇంకా గిర్రున తిరిగింది. మళ్లీ బిగించింది. ఇదంతా చాలదన్నట్టు, కుమార్ కుంటుకుంటూ వచ్చి కట్ట మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాడు.

“తెడ్డు గట్ల గాదే, లోపటికి ముంచు. ముందట సూడు. నడుము వంచకు.”

“నేను ఒడ్డుకొస్తే నీ కాలికి ఇంకో నాలుగు కుట్లు నేనే ఏస్త,” అని నీళ్ల మీంచే అరిచింది.

అయితే వారం తిరిగేసరికి చేతులు దారికొచ్చాయి. వలను ఒళ్లో పెట్టుకుని కొద్దికొద్దిగా వదులుతూ వెనక్కి తెడ్డు వేయడం అలవాటైంది. తెప్పలు దూరలేని గుర్రపుడెక్క అంచుల్లోకి ఈ బోర్డు చప్పుడు లేకుండా జారేది. అక్కడ కొర్రమట్టలు పడ్డాయి. ఒక పొద్దున గంప నిండింది. మోకాళ్లు సలుపుతున్నా, దోమలు పీకుతున్నా, దక్షిణం నుంచి జవహర్‌నగర్ చెత్త కంపు కొడుతున్నా, నీళ్ల నడుమ ఆ కాసేపూ ఎవరూ ఏమీ అడగరు. చిన్నప్పుడు తండ్రి తెప్ప మీద ఇట్లాగే ఉండేదని ఆమెకు గుర్తొచ్చింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆమెను మాట అనేవాళ్లు వేరే ఉన్నారు. చేపల సంఘం పెద్ద గాలయ్య ఒక ఉదయం కట్ట మీద ఎదురుపడ్డాడు. వరసకు మామ అవుతాడు.

“కోడలా, మన చెరువుల ఆడోళ్లు దిగుడు లేదు.”

“దిగలే మామా. పైన్నే కూసున్న.”

గాలయ్య నవ్వలేదు. “సంఘంల పేరు కుమార్‌ది. వాడు పట్టాలె, లేకుంటే ఊకోవాలె. మీటింగుల తేల్సుదాం. అప్పటిదాంక బోర్డు ఇంట్ల పెట్టు.”

మీటింగు పంచాయతీ ఆఫీసు అరుగు మీద పెట్టారు. మగవాళ్లంతా కుర్చీల్లో, రోజారాణి, సాలమ్మ గోడ పక్కన. కుమార్ ఏమైనా అంటాడేమోనని రోజారాణి చూసింది. అతను కాలి కట్టు సర్దుకుంటూ కూర్చున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. ఒకాయన బోర్డు నీలం రంగుకు చేపలు బెదురుతున్నాయన్నాడు. ఇంకొకాయన, రేపు అందరి ఆడవాళ్లూ వస్తామంటారన్నాడు.

“వస్తే ఏమైతది?” అంది సాలమ్మ. అందరూ అటు తిరిగారు. “వల అల్లేది మేము, చేపలు కడిగేది మేము, ఎండల కూసోని అమ్మేది మేము. నేనే దీన్ని వద్దన్న, మా అత్త నన్ను వద్దన్నదని. ఎందుకు వద్దన్నదో ఆమె చెప్పలే, నేను అడగలే.”

 గాలయ్య, వచ్చే నెల మీటింగులో చూద్దామని లేచాడు. వచ్చే నెల దాకా ఇల్లెట్లా గడుస్తుందో వాళ్లలో ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి రోజారాణి బోర్డు గాలి తీసి, చుట్టి, మూలకు విసిరింది. “నువ్వు నోరు తెరుస్తే ఏం పోయేది?” అని మొగుణ్ని అడిగింది.

“అందరున్నరు గదనే,” అన్నాడు.

“అందరున్నరనే అడుగుతున్న.”

కుమార్ ఆ రాత్రి సరిగ్గా తినలేదు. తినకపోతే మానె అనుకుంది రోజారాణి.

వానలకు చెరువులో నీళ్లు పెరిగి గుర్రపుడెక్క నడుమ దాకా కదిలొచ్చింది. గాలయ్య వేసిన పెద్ద వల దాని కింద చిక్కుకుపోయింది. తన తెప్ప మీద పోదామంటే తీగలు పట్టి ఆపేశాయి. తోసి తోసి తెప్పకున్న గోనెసంచులు చిరిగి, థర్మాకోల్ ముక్కలు నీళ్ల మీద తేలాయి. వలలో పడ్డ చేపలు ఒక పూట గడిస్తే కుళ్లిపోతాయి. గాలయ్య ఇంటికి మనిషిని పంపాడు, బోర్డు ఒక్కసారి ఇవ్వమని.

“బోర్డు ఇయ్యం,” అన్నాడు కుమార్. రోజారాణి పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది. “బోర్డు నడిపేది రోజా. పిలిస్తే ఆమెను పిలువమను. గాలయ్యనే అచ్చి పిలువమను.”

గాలయ్య వచ్చాడు. వాకిట్లో నిలబడి, చెరువు వైపు చూస్తూ, “రా కోడలా,” అన్నాడు. అంతే.

అది తేలికగా అయిన పని కాదు. కట్ట మీద జమైనవాళ్లంతా తలా ఒకటి చెప్పారు. కుడికి పొమ్మని ఒకరు, ఎడమకు పొమ్మని ఒకరు. రోజారాణి వినలేదు. తీగల మీద బోర్డును జరుపుకుంటూ, కొడవలితో కోసుకుంటూ వల తాడు దాకా పోయింది. ఒక చోట పట్టు తప్పి నీళ్లలో పడి, బోర్డు అంచు పట్టుకుని మళ్లీ ఎక్కింది. మాసిక దగ్గర గాలి కారి బోర్డు మెత్తబడుతోంది. వల చివర దొరికేసరికి తొడల దాకా నీళ్లొచ్చాయి. తాడును నడుముకు కట్టుకుని, తిట్టుకుంటూ వెనక్కొచ్చింది. ఒడ్డున పదిమంది కలిసి లాగితే వల వచ్చింది. బొచ్చెలు, రవ్వలు. చాలావరకు బతికే ఉన్నాయి.

గాలయ్య ఒక పెద్ద బొచ్చెను ఆమె గంపలో వేశాడు. “రేపటి సంది నీ వల నువ్వేసుకో. మీటింగు సంగతి నేను జూస్కుంట.”

“చూస్కోవాలె మామా. నడుమల మళ్లా ఇంట్ల పెట్టమంటే పెట్ట,” అంది రోజారాణి.

తరువాతి మీటింగులో ఆమె పేరు సంఘంలో చేరింది. ఆమెతో పాటు, మొగుడు చనిపోయాక కూలికి పోతున్న శంకరమ్మ పేరు కూడా. ప్రణయ్ ఈ కథంతా విని తెప్ప తిరిగి పంపాడు. దాన్ని శంకరమ్మ వాడుకుంటోంది.

కుమార్ కాలు బాగైంది. బోర్డు మీద ఇద్దరికి చోటు లేదు కనుక అమ్మే పని ఇప్పుడతనిది. ఆదివారాలు యాప్రాల్ పోతాడు. మాటకారి, కొనేవాళ్లు బాగానే వస్తారు. కానీ అడిగినవాళ్లకల్లా చేపలు ఊరికే కడిగి, ముక్కలు కొట్టి, పులుసు ఎట్లా పెట్టాలో కూడా చెబుతూ నిలబడతాడు. పొద్దున పోయినవాడు పొద్దుగూకే వేళకు వస్తాడు.

“జల్దీ అమ్మి రారాదయ్యా,” అని మొన్న కూడా అడిగింది రోజారాణి, తడి వల తీగ మీద ఆరేస్తూ.

“ఒక మేడం మంచిగ మాట్లాడింది. కొర్రమట్ట ఎవరు పట్టిండ్రని అడిగింది. నీ పేరు జెప్పిన.”

“పేరు జెప్పుటానికి పొద్దుమూకిందా?”

కుమార్ ఖాళీ గంప కడగడానికి నల్లా దగ్గరికి పోయాడు. రోజారాణి, వల రెండో చివర పట్టుకోమని సాలమ్మను పిలిచింది.