చుట్టాల నీళ్లు

నాకు భయం కడుపులో మొదలవుతుంది. మా అత్తకి కాళ్లలో మొదలవుతుందట. మా ఆయనకి అసలు మొదలే కాదు, అందుకే ఇంట్లో అందరి భయమూ నేనే పడాలి. ఆ ఎండాకాలం నెలన్నర పాటు నా కడుపు నా మాట వినలేదు. దానికి కారణం ఎనిమిదేళ్ల మా పాప పళ్లు, వాటి వెనక నేను చేసిన ఒక తప్పు.

కోయంబత్తూరు పక్కన సూలూరు దాటాక పవర్‌లూమ్ చప్పుడు వినబడే ఊళ్లలో మాదొకటి. నేను పుట్టిందీ మెట్టిందీ ఇక్కడే. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. నేను చదివిందీ అరవంలోనే. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. కాబట్టి ఇందులో తప్పులుంటే నన్ను తిట్టకండి, నేను ఇప్పటికే కావలసినన్ని తిట్లు తిన్నాను.

నీళ్ల మీద పరిశోధన చేసే ఒక బృందంలో నాకు ఇంటింటికీ తిరిగే పని దొరికింది. మా చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో, అది పిల్లల పళ్లనూ ఎముకలనూ ఏం చేస్తోందో చూడాలి. మా మేడం మొదటిరోజే చెప్పింది, మేం తెచ్చిన లెక్కలను బట్టే ఏ బడిలో నీళ్లు శుద్ధిచేసే మెషిన్ పెట్టాలో, ఏ ఊరి పిల్లలకి పళ్ల డాక్టర్ని పంపాలో పైవాళ్లు నిర్ణయిస్తారని. నాకు ఆ మాట చాలా నచ్చింది. మా ఊరి బడిలో తాగడానికి చుక్క నీళ్లుండవు. పిల్లలు ఇంటి నుంచే సీసాలు మోసుకుపోతారు. ఆ మెషిన్ మాకే రావాలని అప్పుడే మనసులో అనేసుకున్నాను.

మేడం ఇంకో మాట కూడా చెప్పింది. ఫారంలో ప్రశ్న ఎలా ఉందో అలాగే చదవాలి, అందరినీ ఒకేలా అడగాలి, అది మార్చితే పరిశోధన పాడవుతుంది. నేను అక్షరాలా పాటించాను. మెడలో కార్డు వేసుకుని, నాకు నడక నేర్పినవాళ్ల వాకిళ్లలో కూడా నిలబడి అరవంలో అడిగాను. వాళ్లు నవ్వలేక చచ్చారు.

“ఏమే, మాతోనే అరవమా? ఇంత పెద్ద ఆఫీసరు ఎప్పుడయితివే?” అని మా పెద్దమ్మ అందరి ముందూ ఏడిపించింది.

నేను బిగుసుకుపోయి తరువాతి ప్రశ్న చదివాను. చివరి ప్రశ్న తరువాత చిన్న సీసా ఒకటిచ్చి, మీరు తాగే నీళ్లు ఇందులో పోసి ఇవ్వండి అనాలి. అన్నాను. వాళ్లు లోపలికి వెళ్లి నింపుకొచ్చారు. నేను చీటీ రాసి అంటించాను. మా ఇంటికి మాత్రం నేను వెళ్లకూడదన్నారు, అందుకని మా బృందంలోనే తిరుప్పూరు నుంచి వచ్చే అమ్మాయి వెళ్లింది. ఆమెకి మా అత్త సీసా నింపి ఇచ్చి, మురుకులు కూడా పెట్టి పంపింది.

ఫలితాలు వచ్చాయి. పక్కన రెండు ఊళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మా ఊళ్లో నీళ్లు బాగున్నాయి. ఆ లెక్క ప్రకారం మెషిన్లు ఆ రెండు ఊళ్లకే వెళ్తాయి. మెషిన్ రాదని బాధపడాలో, నీళ్లు బాగున్నాయని సంతోషపడాలో తెలియక రెండూ కొంచెం కొంచెం పడ్డాను.

ఆ వారమే మా పాప మామిడి ముక్క కొరుకుతుంటే దాని నోటివైపు సరిగ్గా చూశాను. కొత్తగా వచ్చిన ముందు పళ్ల మీద సుద్ద గీతలు, వాటి మధ్య టీ రంగు మరక. పళ్లు సరిగ్గా తోమడం లేదని రోజూ దాన్ని తిడుతూనే ఉన్నాను. శిక్షణలో మాకు చూపించిన ఫోటోలో పళ్లు అచ్చం అలాగే ఉన్నాయి. మామిడి ముక్క దాని చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాను, ఎందుకో నాకే తెలీదు. పొద్దున లేవగానే కాళ్లు నొప్పి అని అది ఏడ్చేది. తెగ గంతులేస్తుంది, అందుకే అనుకునేదాన్ని. నీళ్లు బాగుంటే ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు మా పెద్దమ్మ ఇంట్లో దొరికింది. వాళ్ల మనవడిని ఉయ్యాల్లో వేసే రోజుకి చిన్న ఉల్లిపాయలు ఒలవడానికి ఆడవాళ్లందరం పెరటి వైపు కూర్చున్నాం. దాహమేస్తే లేచి వంటింట్లో కుండలో నీళ్లు ముంచుకుని తాగాను. బోరు నీళ్లే, నాలుకకి ఉప్పగా తగిలాయి. పైపులో మంచినీళ్లు ఎప్పుడో గాని రావు, వచ్చినా ఎవరికీ చాలవు. గ్లాసు కడుగుతూ ముందు గదిలోకి చూస్తే అక్కడ స్టూలు మీద కొన్న నీళ్ల క్యాను ఉంది. దాని మీద బోర్లించిన మెరిసే గ్లాసు.

“పెద్దమ్మా, ఆ రోజు నా సీసాలో పోసింది ఏ నీళ్లు?” అన్నాను.

“క్యాను నీళ్లే పోస్తిని. కార్డేసుకోని వచ్చిండావు, ఉప్పు నీళ్లు ఇస్తానా? వచ్చినోళ్లకి ఉప్పు నీళ్లిస్తే ఇంటికి మర్యాద ఉండాదా?”

ఉల్లిపాయలు ఒలిచేవాళ్లందరూ తలలూపారు. ఒక్కొక్కరినే అడిగాను. అందరూ అదే నీళ్లు పోశారు. అడిగిన ప్రశ్నకి అబద్ధం చెప్పామని వాళ్లెవరికీ అనిపించలేదు. ఇంటికి ఎవరొచ్చినా నీళ్లంటే అవే.

ఇందులో సిగ్గుపడాల్సింది నేను. కొత్త కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున మా అత్త నాకు నేర్పిన మొదటి సంగతి ఇదే. ఈ క్యాను చుట్టాలకి, ఈ కుండ మనకి. అంత తెలిసినదాన్ని, కార్డు మెడలో పడగానే నేను కూడా చుట్టాన్నైపోయానని గమనించుకోలేదు. మా ఊరి మర్యాదని నేను సీసాల్లో నింపి ప్రయోగశాలకి పంపించాను. చీటీలన్నీ నా చేతిరాతే.

చెబితే పని పోతుంది. అంతమంది కష్టపడి చేసిన పనిని ఒక్క ఆడమనిషి పాడుచేసిందంటారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నిజం చెబుతున్నాను, మూడు రోజులు చెప్పకుండా ఉండటానికి దారులే వెతికాను. మరకకి పంటి డాక్టరు మందిస్తాడనుకున్నాను. మా ఇంటికొక్కదానికి ఫిల్టరు కొనుక్కుంటే చాలుననుకున్నాను. ఊళ్లో పిల్లలంతా వీధిలో పరిగెత్తుతుంటే వాళ్ల పళ్ల వైపు చూడలేక తల దించుకుని నడిచాను. ఫోన్ మోగితే మేడమేమోనని తీయకుండా వదిలేసేదాన్ని.

నాలుగో రోజు పొద్దున పాప మంచం దిగలేదు. మోకాళ్లు పట్టుకుని ఏడుస్తోంది. మా అత్త గ్లాసుతో వచ్చింది. రోజూ ఇచ్చేదే, జీలకర్ర వేసి బాగా మరగకాచిన నీళ్లు. ఏ కుండలోవో నాకు తెలుసు. గ్లాసు లాక్కుని పారబోశాను. పెళ్లయిన పదకొండేళ్లలో నేను ఆమె మీద అరవడం అదే మొదటిసారి.

“కాచిన నీళ్లే కదమ్మా ఇస్తిని! ఏంటికి అట్ల అరుస్తావు?”

“కాస్తే పోదు అత్తా. నీళ్లు ఇగిరేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.”

ఆమె గోడ పట్టుకుని నేల మీద చతికిలబడింది. “బిడ్డకి నేనే పోస్తినా?” అంది. నేను ఓదార్చలేదు. నాకే ఓదార్పు కావలసి ఉంది.

అదే రోజు బస్సెక్కి కోయంబత్తూరులో ఆఫీసుకి వెళ్లాను. మేడం ముందు కూర్చోకుండా నిలబడే అంతా చెప్పాను. ఆమె, “మీ ఇంట్లో కూడా అంతేనా?” అంది అరవంలో. అంతే అన్నాను. ఆమె ఫారం తీసి ఆఖరి ప్రశ్న మళ్లీ చదువుకుంది. “ఇలా అడిగితే ఇలాంటి నీళ్లే వస్తాయి. తప్పు నీ ఒక్కదానిదే కాదు,” అంది. రిపోర్టు పైకి వెళ్లడానికి ఇంకా కొన్ని రోజులున్నాయి. మిగతా ఊళ్లలో ఎలా అడిగారో తను కనుక్కుంటానంది. మా ఊరి సీసాలన్నీ మళ్లీ తెమ్మంది. ఆ ప్రశ్న కొట్టేసి, కింద పెన్నుతో కొత్తది రాసింది. పిల్లల బడి సీసా ఏ నీళ్లతో నింపుతారో చూపించండి.

ఈసారి కార్డు సంచిలో పెట్టుకుని పెరటి వైపు నుంచి వెళ్లాను. తెలుగులో అడిగాను. అయినా సులువు కాలేదు. “మా ఇంటి నీళ్లు చెడిపోయినాయని ఊరంతా చాటాలనా నీకు?” అని ఒకావిడ తలుపు వేసేసింది. మర్నాడు మా పెద్దమ్మే ఆ తలుపు కొట్టి సీసా నింపించి తెచ్చింది. మా ఇంటికి ఈసారీ తిరుప్పూరు అమ్మాయే వచ్చింది. మా అత్త కుండలోంచి ముంచి నింపిన సీసాని ఆ అమ్మాయి చేతికివ్వకుండా కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.

ఫలితాల ఫోన్ కొన్ని రోజులకి ఒక మధ్యాహ్నం వచ్చింది. ఊరంతా ఎక్కువే ఉందని మేడం చెప్పింది. తరువాత, “మీ ఇల్లు కూడా,” అంది. మా బడికి మెషిన్ వస్తుందని కూడా చెప్పింది. సరే మేడం అన్నాను.

పళ్ల డాక్టరు బడికి వచ్చి పిల్లలందరినీ చూశాడు. వచ్చిన మరక దానంతటది పోదన్నాడు. ఇంకా చిగుళ్లలో తయారవుతున్న పళ్లని కాపాడుకోవచ్చన్నాడు. కాళ్ల నొప్పికి కారణం అదేనా అంటే, చెప్పలేం, నీళ్లు మార్చి చూడమన్నాడు. ఆ చెప్పలేం అన్న మాటతోనే నేను ఇప్పటికీ నిద్ర లేస్తున్నాను.

బడిలో మెషిన్ మొదలైన రోజు సాయంత్రం పాప సీసా నిండుగా తెచ్చింది. పొద్దున నిండుగా వెళ్లి సాయంత్రం ఖాళీగా వచ్చే సీసా అది. ఇంటికి కూడా తీసుకుపొమ్మని టీచరు చెప్పిందట. మా అత్త ఆ సీసా రెండు చేతులతో అందుకుని, నీళ్లు స్టీలు చెంబులోకి వంచి, ముందు గదిలో క్యాను పక్కన పెట్టి మూత వేసింది.

“అక్కడేంటికి అత్తా?”

“ఎవరన్నా వస్తే ఇయ్యాల కదమ్మా.”

మళ్లీ కడుపులో మొదలైంది. ఆమె మీద అరవడానికి నోరు రాలేదు, ఎందుకంటే ఆమె పంతానికి చేయలేదు, అలవాటు కొద్దీ చేసింది. పాపని తీసుకొచ్చి ముందు గదిలో చుట్టాల కుర్చీలో కూర్చోబెట్టాను. మెరిసే గ్లాసు కడిగి, చెంబులో నీళ్లు పోసి దాని చేతికిచ్చాను. అది తాగలేదు. గ్లాసు పట్టుకుని వాళ్లవ్వ వైపు చూసింది.

“అవ్వా, ఇది చుట్టాలది కదా? నేను తాగొచ్చా?”

మా అత్త దాని ముందు నేల మీద కూర్చుంది. “నువ్వే తాగు కణ్ణు,” అంది. పాప తాగినంతసేపూ ఆమె రెండు చేతులూ కొంగులో దాచుకునే ఉంది.