బకెట్టు మూతికి కొత్త బ్లేడు

మా ట్రాక్టరు ముందర బిగించిన లోడరు బకెట్టు మట్టి ఎత్తడం లేదన్న మాట నాకు మొదట చెప్పింది మా తోడికోడలు. చెరువు కాడ నుంచి కొంగుతో మొగం తుడుచుకుంటా వచ్చి, "అక్కా, బకెట్టు నేలను నాకుతాండాదే గానీ కొరకడంల్యా" అనింది.

నాకు వింత అనిపించలేదు. బకెట్టు మూతికి బిగించిన ఇనుప బ్లేడుకు ప్రతి శుక్రవారం పసుపు పూసేది నేనే. కొన్న ఏడాది నాలుగు వేళ్లతో పూసే జాగా ఉండేది. ఇప్పుడు అరిగి అరిగి రెండు వేళ్లకే చాలడం లేదు. ముందే చెప్తే, "నువ్వు పూజ చూసుకో, బండి నేను చూసుకుంటా" అని మా ఆయన నవ్వినాడు. చెరువు ఎండి ఉన్నప్పుడే చేనుకు ఒండ్రు తోలుకోవాలి. వాన పడి నీళ్లొస్తే మా రాళ్ల చేను ఇంకో ఏడాది రాళ్ల చేనే.

మా ఆయన కోడుమూరు పోయి కొత్త బ్లేడు తెచ్చినాడు. బిగించేదానికి వెల్డింగు షాపు సాయిబు వచ్చినాడు. మా మామగారి ఈడు మనిషి, నేను మామా అనే పిలుస్తా. కండ్లు మసకబారినాయి, చేత్తో తడిమి పని చేస్తాడు. బకెట్టు అడుగున చెయ్యి పెట్టి, పాత బ్లేడును పట్టుకున్న నట్లు తడిమి, ఆగిపోయినాడు.

"వీటికి రంగు పూసిందెవరు?"

నేనే. ఏటా ఆయుధపూజకు బకెట్టు కడిగి, దేవుని ముందు మెరవాలని రంగు వేసేదాన్ని. నట్లనూ వదల్లేదు. పూత మీద పూత పడి బోల్టులకు అతుక్కుపోయినాయి.

"నట్టుకూ బోల్టుకూ పెండ్లి చేసినావు కోడలా! ఇప్పుడు విడిపోండి అంటే ఎట్ల వింటాయి?"

"గ్యాసుతో కోసేద్దాం మామా" అన్నాడు మా ఆయన.

"మంట తగిలితే బకెట్టు రేకు వంకరపోతాదప్పా. పూసిన చెయ్యే గీకనీ."

డీజిలు గుడ్డ, కొడవలి మొన పట్టుకొని బకెట్టు కింద కూర్చున్నా. ఒక్కో నట్టు చుట్టూ ఇనుము కనబడేదాకా గీకినా. మామ స్పానరుకు పైపు తగిలించి, బిస్మిల్లా అన్నాడు. నేను లోపల మల్లన్నా అనుకున్నా. కిర్రుమని తిరిగింది మొదటి నట్టు. మధ్యాహ్నానికి అన్నీ ఊడినాయి, ఒక్కటీ కోయలేదు.

కొత్త బ్లేడు ఆనించినాక మామ అతుకు వెంబడి వేలు నడిపినాడు. "ఈడ సందు ఉండాది, మట్టి ఇరుక్కుంది, గీకు." మా ఆయన కండ్లకు ఆనలేదు. గీకితే చిన్న గులకరాయి రాలింది. అప్పుడు నడిమి నుంచి రెండు పక్కలకూ బిగించినాడు. చివరి నట్టు నా చేత బిగింపించినాడు.

మరుసటి రోజు బకెట్టు ఒండ్రును పెరుగు తోడినట్ల ఎత్తుకుంది. చెరువు కాడ మా ఆయన అందరికీ వినబడేట్టు, "నట్లు విప్పింది మా ఇంటామె" అన్నాడు. సంతోషంతో నా కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. వాన పడేలోగా చేనంతా ఒండ్రు పరిచినాం. ఆ ఏడాది కంది నడుమెత్తు నిలబడింది.

ఇప్పుడు ఆయుధపూజకు నా కుంచె నట్ల కాడ ఆగుతుంది, వాటికి గ్రీజే. మామకు చూపు పూర్తిగా పోయింది. మీరు దేవుని ముందు చేతులు జోడించినా, దువాకు చాచినా, తన వేలితో మా చేనును నిలబెట్టిన ఆ సాయిబు మామను ఒక్కసారి తలచుకోండి.