రెడ్డెప్పన్న, కుప్పం స్కూలు బ్యాకప్

నిన్న పొద్దున పుంగనూరు నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. మీటింగ్‌లో ఉన్నానని రెండుసార్లూ కట్ చేశాను.

మూడోసారి ఎత్తితే రెడ్డెప్పన్న చెల్లెలు. "అన్న ఇంక లేడు మా" అంది.

టిఫిన్ తిని, చెయ్యి కడుక్కుని కుర్చీలో కూర్చున్నాడట. గుండె. ఆసుపత్రికి తీసుకుపోయే టైమ్ కూడా ఇవ్వలేదు.

నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. మొన్న ఆదివారమే కదా మెసేజ్ పెట్టాడు, "నీ కొత్త ప్యాకేజీ నా పాత మిషన్లో కంపైల్ కాలేదు, సూడు" అని. నేను రిప్లై కూడా ఇవ్వలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. రెండువేల నాలుగు ప్రాంతంలో మదనపల్లెలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో మేమిద్దరం పనిచేసేవాళ్లం. నాకు పని నేర్పింది ఆయనే. స్కూళ్లకు, ఆఫీసులకు విండోస్‌కు బదులు డబ్బు కట్టక్కర్లేని లినక్స్ పెట్టి ఇచ్చేవాళ్లం.

మేం వాడే లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ తయారుగా రాదు. సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత వస్తుంది, ఏ మిషన్‌కు ఆ మిషన్ కంపైల్ చేసుకోవాలి, అంటే నడిచే రూపానికి మార్చుకోవాలి. ఎలా చేసుకోవాలో చెప్పే ఫైల్ ఎవరో ఒకరు రాసిపెట్టాలి. దాన్నే ప్యాకేజీ అంటాం.

రెడ్డెప్పన్న అలాంటివి పద్దెనిమిది చూసుకునేవాడు. జీతం లేని పని. ఆయనకు మాత్రం అదే లోకం.

చౌడేపల్లె పక్కన టమాటా తోటల్లో పెరిగిన మనిషి పేరు, ఎక్కడెక్కడి దేశాలవాళ్లో చూసే ప్యాకేజీల లిస్టులో ఉండేది. ఆ పేజీ ప్రింట్ తీసి తన బీరువా తలుపుకు లోపలివైపు అంటించుకున్నాడు. బయట అంటిస్తే గొప్పలకు పోతున్నాడనుకుంటారని.

ఆ పద్దెనిమిదిలో ఒకటి బ్యాకప్ సాఫ్ట్‌వేర్.

అందులో రెండు భాగాలు. రోజూ పనిచేసే మిషన్లో ఉండే క్లయింట్ తన ఫైళ్లను పంపుతుంది. వేరే మిషన్లో ఉండే సర్వర్ వాటిని తీసుకుని దాచిపెడుతుంది. రెడ్డెప్పన్న వాటిని రెండు వేరువేరు ప్యాకేజీలుగా ఉంచాడు. పాత మిషన్లో మొత్తం కంపైల్ చేయాలంటే పగలంతా పట్టేది, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొచ్చేది.

రెండింట్లో సగం లైన్లు ఒకటే. ఒకచోట మారిస్తే రెండోచోట కూడా మార్చాలి. నాకు విసుగు. ఒకటే చేసేద్దామని ఎన్నిసార్లు పోరు పెట్టానో.

"యాల మా తొందర?" అనేవాడు. "క్లయింట్ మిషన్‌కి సర్వర్‌తో ఏం పని? లేనిపోనిది దాని నెత్తిన పెట్టొద్దు."

ఆయన గంగవరంలో ఏదో గృహప్రవేశానికి వెళ్లిన రోజు, నేను రెండూ కలిపేశాను. ఎవరికి ఏది కావాలో ఎంచుకునే స్విచ్ పెట్టాను. ఏదీ ఎంచుకోకపోతే రెండూ ఇన్‌స్టాల్ అయ్యేలా, క్లయింట్ తన మిషన్లోని సర్వర్‌కే ఫైళ్లు పంపేలా వదిలేశాను.

ప్యాకేజీలు మార్చడానికి మాకు ఇచ్చిన లాగిన్ ఒకటే, ఆయన పేరు మీద. కాబట్టి ఆ మార్పు కూడా ఆయన పేరు మీదే ఎక్కింది. తిరిగొచ్చాక చెప్పాను. మొహం చిట్లించాడు గానీ, నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేక ఊరుకున్నాడు.

కుప్పంలో ఒక స్కూలు ఆఫీసుకు ఆ అప్‌డేట్ వెళ్లింది. అక్కడ ఆ స్విచ్ ఎవరూ ముట్టుకోలేదు.

రోజూ సాయంత్రం "బ్యాకప్ పూర్తయింది" అని మెసేజ్ వచ్చేది. ఏడు నెలలకు హార్డ్ డిస్క్ పోయింది. పక్క గదిలో సర్వర్ తెరిచి చూస్తే ఆ ఏడు నెలలదీ ఏమీ లేదు. ఆ మిషన్ తన బ్యాకప్ తనలోనే పెట్టుకుంటూ వచ్చింది. పోయిన డిస్క్‌తోనే అదీ పోయింది.

కరస్పాండెంట్ మా ఇద్దరినీ నిలబెట్టి, "ఎవురప్పా చేసింది ఇది?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే రెడ్డెప్పన్న అన్నాడు: "నేనే సార్."

పలమనేరు బస్సులో నేను ఏడుస్తుంటే ఆయన అన్నాడు: "మీ నాయన నిన్ను పనికి పంపింది ఒక్క సంవత్సరానికే కదా. ఈ సంగతి తెలిస్తే రేపే మాన్పించేస్తాడు. నాకేం మా, నాలుగు దినాలు తిడతారు, మర్సిపోతారు."

ఎవరూ మరచిపోలేదు.

ప్యాకేజీలు చూసుకునేవాళ్లంతా ఈమెయిళ్లు రాసుకునే మెయిలింగ్ లిస్టులో ఆయన్ని దుమ్మెత్తిపోశారు. ప్యాకేజీల లిస్టులోంచి పేరు తీసేశారు. ఆ పద్దెనిమిది ప్యాకేజీలూ చూసుకోవడానికి ఆయన స్థానంలో ఎవర్ని పెట్టారో తెలుసా? నన్ను. ఆ పేరుతోనే నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది.

ఆయన మాత్రం ఆదివారాలన్నీ కుప్పం బస్సెక్కి, స్కూలు బీరువాలోని రిజిస్టర్లు దింపుకుని, పోయిన ఫైళ్లలోని పిల్లల పేర్లన్నీ మళ్లీ టైప్ చేశాడు. నేను రెండు ఆదివారాలు వెళ్లాను. తర్వాత ఏదో ఒక వంక.

తన బీరువా తలుపు లోపలి కాగితం ఎప్పుడు చించేశాడో తెలియదు. అడిగే మొహం నాకు లేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒకసారి, "అన్నా, అందరికీ చెప్పేస్తాను" అన్నాను.

"ఇప్పుడు చెప్తే నాకు వచ్చేదేముండాది? నీకు పోతాది" అన్నాడు.

ఆ మాట నాకు ఎంత అనుకూలంగా ఉండిందో. వెంటనే ఊరుకున్నాను.

నిన్న మధ్యాహ్నం పుంగనూరులో ఆయన ఇంటి ముందు మా సెంటర్ పాతవాళ్లంతా కలిశాం. ఒకరు ప్రేమగానే ఆ సంగతి ఎత్తారు. బ్యాకప్‌ను ఆ మిషన్లోనే పెట్టించిన మహానుభావుడని. రెండు మూడు తలలు ఊగాయి.

నేను అక్కడే ఉన్నాను.

అన్న కూతురు హేమ విన్నది. డిగ్రీ రెండో సంవత్సరం, కంప్యూటర్సే. కాసేపటికి నా పక్కకు వచ్చి మెల్లిగా అడిగింది: "నాయన అట్లా చేసినాడా అత్తా?"

ఏదో గొణిగి, పూలు తెచ్చే పని ఉందని పక్కకు వెళ్లిపోయాను. అంత పిరికిదాన్ని.

హేమా, ఇది నీకోసమే రాస్తున్నాను. అందరూ చదవాలనే ఇక్కడ పెడుతున్నాను, పాత మెయిలింగ్ లిస్టుకూ పంపాను.

మీ నాయన చేయలేదమ్మా. నేను చేశాను.

వెళ్లిరా అన్నా. ఇంక ఎవరి తప్పూ మోయకుండా హాయిగా నిద్రపో.