హుసేనయ్య మాస్టారి నడక

హుసేనయ్య మాస్టారు పోయాక ఇటు ఉదయగిరిలోనూ అటు ఆత్మకూరులోనూ ఆయనను గురించి వినిపించే మాట ఒక్కటే: మంచి ఇంగ్లీషు మాస్టారే గాని, తాగుడు చెరిచింది. ఇది అబద్ధం. అబద్ధమని రుజువు చేసే కాగితాలన్నీ నా బీరువాలో ఉన్నాయి. చూపమని అడిగినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు. అందుకే ఆయన బతుకులో నాకు తెలిసిన భాగాన్ని రాస్తున్నాను.

ఉదయగిరిలో ఆయన మా వీధివాడే. తండ్రి కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కి బతికాడు. హుసేనయ్య ఉలి పట్టకుండా బి.ఇడి. దాకా చదివి, ఆత్మకూరులో కరస్పాండెంటు నరసింహ నడిపే ఒక ప్రైవేటు హైస్కూలులో చేరాడు. భార్య మస్తానమ్మతో అక్కడే అద్దె ఇంట్లో కాపురముండి, సెలవులకు మాత్రం ఉదయగిరి వచ్చేవాడు.

పదో తరగతి గైడులో పర్యాయపదాల పేజీ ఒకటి ఉంటుంది. స్టాగర్, టాటర్, రీల్, లర్చ్, వాబుల్. అన్నింటికీ ఎదురుగా ‘తూలు’ అని అచ్చువేసి చేతులు దులుపుకున్నారు. ఆ పేజీ చూస్తే ఆయనకు ఒళ్లు మండేది.

“ఇది రాసినోడు ఒక్క మనిషినన్నా నడస్తా ఉంటే చూసినట్టు లేదు” అనేవాడు.

అందుకని తానే నడిచి చూపేవాడు. వీపున బరువైన మూట ఉన్నట్టు వంగి, కాళ్లు ఎడంగా పడేస్తూ బోర్డు దగ్గర నుంచి కిటికీ దాకా వెళితే అది స్టాగర్. నడక నేర్చే బిడ్డలాగానో, మంచం దిగిన ముసలమ్మలాగానో చిన్నచిన్న అడుగులు వేస్తే టాటర్. గిరగిరా తిరిగి ఆగి, గోడలు తన చుట్టూ తిరుగుతున్నట్టు తల పట్టుకుంటే రీల్. బస్సు గుంతలో పడగానే పక్కవాడి మీదికి ఒరిగిపోయినట్టు ఒక్కసారిగా ఒక వైపుకు విసురుగా పోతే లర్చ్. కురచ కాలున్న బల్ల ఇటూ అటూ ఊగినట్టు నిలబడి ఊగితే వాబుల్. ఆయన నడవాలి, పిల్లలు పేరు చెప్పాలి. అదే పాఠం, అదే పరీక్ష.

ఆ ఆట బడిలో ఆగలేదు. ఆత్మకూరు బజారులో సగం అంగళ్లు ఆయన శిష్యులవే. మాస్టారు కనబడితే చాలు, “సార్, ఒక్క లర్చ్ చూపిచ్చి పోండి” అని అంగట్లోంచి కేకలేసేవారు. సంచిలో కూరగాయలున్నా సరే, ఆయన ఒరిగి చూపించి వెళ్లేవాడు.

జబ్బు మొదట చేతిరాతలో కనిపించింది. బోర్డు మీద అక్షరాలు వంకరపోయాయి. తరువాత కాళ్లకు వచ్చింది. ఒకనాడు బజారులో అడుగు పక్కకు పడి, ఆయన నిజంగానే తూలాడు. సెల్‌ఫోన్ల అంగడి వెంకటకృష్ణ ఆయన పాత శిష్యుడు. “సార్, స్టాగర్” అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మాస్టారు కరెంటు స్తంభం పట్టుకొని నిలదొక్కుకొని, “కరెక్ట్” అన్నాడు.

ఆ మాట అనడమే ఆయన చేసిన పొరపాటు. అప్పటినుంచి జబ్బును ఆటచాటున దాచాడు.

పక్కనే ఉన్న మస్తానమ్మ అంతా చూసింది. “ఏందయ్యా ఇది? పడబోయినావు గదా. బాగలేదని చెప్తే ఏం పోయింది?” అని ఇంటికొచ్చాక నిలదీసింది.

“చెప్తే నరసింహ చెవిన పడతాది. నిలబడలేనోణ్ణి ఏ కరస్పాండెంటు పెట్టుకుంటాడు? ఈ పదో తరగతి పిల్లోళ్లని పరీక్షల దాకా తీసకపోనీ.”

“క్లాసులో పడిపోతే?”

“పడితే పేరు చెప్తార్లే.”

సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరిచాక ఆయన క్లాసులోనే పడ్డాడు. ఆ తరగతిలో చదివిన చైత్ర నాకు చెప్పిన సంగతి ఇది. బోర్డు వైపు నుంచి తిరగబోయి, బల్లకు తగులుకొని నేల మీద పడ్డాడు. పిల్లలు “రీల్, రీల్” అంటూ చప్పట్లు కొట్టారు. లేపమని చెప్పబోతే నాలుక మొద్దుబారి మాట ముద్దగా వచ్చింది. తాగుబోతును నటిస్తున్నాడనుకొని ఇంకా నవ్వారు. వెనక బెంచీలో ఎవరో ఫోనులో వీడియో తీశారు.

“ఆయన చెయ్యి బెంచీ కాలు కోసం తడుముకుంటా ఉన్నింది తాతా. అది చూసినాక నాకు నవ్వు ఆగిపోయింది. నేను పోయి లేపేతలికి వీళ్లు వీడియో తీసేసినారు” అన్నది ఆ పిల్ల.

సాయంత్రానికి వీడియో ఊరంతా తిరిగింది. ఆట తెలిసినవారికి అందులో నటుడు కనిపించాడు. తెలియనివారికి తాగుబోతు కనిపించాడు. రోగి ఎవరికీ కనిపించలేదు.

నోటిమాటతో ఉద్యోగంలో పెట్టుకున్నవారు, తీసేటప్పుడు మాత్రం కాగితం ఇచ్చారు. ‘మద్యం మత్తులో తరగతికి హాజరైనందున’ అని అందులో ఉంది. వాసన చూసినవాడు లేడు, పరీక్ష చేయించినవాడు లేడు, సంజాయిషీ అడిగినవాడు లేడు. ఇది ఏ న్యాయమో నాకు నేటికీ తెలియదు. ఆయన జన్మలో మద్యం ముట్టలేదు.

నేను వెంటబెట్టుకొని నెల్లూరు తీసుకువెళ్లాను. స్కానింగు చేసి, చిన్నమెదడు కుంచించుకుపోతోందని, నడకా మాటా ఇలాగే చెడతాయని, తగ్గేది కాదని డాక్టరు రాసిచ్చాడు. తిరుగు బస్సులో హుసేనయ్య నాతో అన్న మాట ఇది: “ఉద్యోగం వద్దులే అన్నా. ఆ ఒక్క మాట తీసెయ్యమని అడుగు. చాలు.”

అడిగాను. కరస్పాండెంటు నరసింహ రిపోర్టును చివరిదాకా చదివాడు.

“నేను కాదంటన్నానా పెద్దాయనా? నా బిడ్డకి కూడా ఆయనే పాఠం చెప్పినాడు. అయితే వీడియో ఊరంతా చూసింది. అడ్మిషన్ల టైము. ఇంటింటికీ ఈ స్కానింగు పట్టుకోని తిరగమంటావా?”

“తిరగొద్దు. ఆర్డరులో ఆ మాట కొట్టెయ్.”

“కొట్టేస్తే, మరి రోగిష్టోణ్ణి ఎందుకు తీసేసినావని అడగరా?”

రిపోర్టు మడిచి నా చేతికిచ్చి, కాఫీ తెప్పిస్తానన్నాడు. నేను తాగలేదు. ఆ తరువాత నేను పంపిన అర్జీలకు జవాబులు రాలేదు. వాటి రసీదులు మాత్రం ఉన్నాయి.

ఇల్లు ఖాళీ చేసి ఇద్దరూ ఉదయగిరి వచ్చేశారు. సాయంత్రం పూట మస్తానమ్మ ఆయన చేయి తన భుజం మీద వేసుకొని బస్టాండు దాకా నడిపించేది. కాళ్లు బొత్తిగా పడిపోకుండా ఉండాలంటే రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. దారిలో ఎవరో ఒకరు తగులుకునేవారు.

“ఏందత్తా, మామ పొద్దుగూకక ముందే ఎక్కిచ్చినాడా?”

ఆమె ఆగి, చిన్నమెదడు సంగతి మొదటినుంచి చెప్పేది. వాళ్లు తలూపేవారు. మూతి బిగబట్టుకొని నవ్వు ఆపుకునేవారు. మరునాడు ఇంకొకరు. మళ్లీ చెప్పేది. ఆమె చెబుతున్నంతసేపూ ఆయన తల పక్కకు తిప్పుకొని నిలబడేవాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒకనాడు నేను వారి వెనకే నడుస్తున్నాను. ఆయన మోకాళ్లు వణుకుతున్నాయి, నిలపడం ఆమె వల్ల కావడం లేదు. వింజమూరు బస్సు దిగిన ఒకాయన దారికడ్డంగా నిలబడి, “ఏందమ్మా, తాగినాడా?” అన్నాడు.

మస్తానమ్మ భర్త ముఖం వైపు చూడలేదు. “అవు నాయనా, తాగినాడు. రవ్వంత జరుగు” అంది.

అతను జరిగాడు. ముగ్గురమూ ఇల్లు చేరాము. ఆయనను మంచం మీద కూర్చోబెట్టి ఆమె వంటగదిలోకి పోయింది. చాలాసేపు బయటికి రాలేదు. హుసేనయ్య గోడ వైపు చూస్తూ, మాటలు కూడదీసుకొని అన్నాడు.

“ఏడవబాకు. బాగానే చెప్పినావు. ఇంకాసేపు నిలబడుంటే ఆడనే పడిపోయుందును.”

మరునాడు సాయంత్రం ఆమె వచ్చి భుజం అందించింది. ఈ పూటకు వద్దులెమ్మన్నాడు. ఆ తరువాత ఆయన గడప దాటి వీధిలోకి రావడం మాలో ఎవరమూ చూడలేదు.