కారని యూనివర్సిటీ

ఒడిశా రాయగడ మున్సిపాలిటీలో నిచ్చెన మోసే సన్యాసయ్య లెక్కలో యూనివర్సిటీలు రెండే రకాలు: కారేవి, కారనివి.

ఆయన పని ఊళ్లో గడువు తీరిన ఫ్లెక్సీలు దించడం. అంతకుముందు ఫ్లెక్సీలు లేని రోజుల్లో గోడ రాతల మీద సున్నం కొట్టేవాడు. అప్పుడు ట్యుటోరియల్ కాలేజీలు, ఇప్పుడు యూనివర్సిటీలు. నిచ్చెన ఎక్కేవాడు మాత్రం మారలేదు. తండ్రి రాముడు పాలకొండ వైపు నుంచి కాలువలు తీసే పనికి వచ్చి, స్టేషను వెనక తెలుగు వీధిలో రెండు గదులు వేసుకున్నాడు. పైన రేకులు. రేకులు తుప్పు పట్టినప్పటి నుంచి వాటి మీద ఫ్లెక్సీలు కప్పుతున్నారు.

దించిన ఫ్లెక్సీలను గోదాములో పెట్టాలని రూలు. గోదాములో చోటు లేదు, ఉన్న చోట ఎలుకలున్నాయి. "తీసుకుపోండి, నా కళ్లకు కనపడకపోతే చాలు" అని ఇన్‌స్పెక్టరే అంటాడు. అలా ఆ వీధిలో నలభై ఇళ్లుంటే ముప్ఫై ఇళ్ల నెత్తిన యూనివర్సిటీలే.

సన్యాసయ్యకు తెలుగు వచ్చు, ఒడియా కూడబలుక్కుంటాడు, ఇంగ్లీషు రాదు. అందుకని వాటిని అగ్గిపెట్టెల్లాగా బొమ్మతో గుర్తు పెట్టుకున్నాడు. దీపం మార్కు, గద్ద మార్కు, గ్లోబు మార్కు. దీపం మార్కు ఫ్లెక్సీ ఒక్క వేసవికి పెళుసెక్కి, మొదటి వానకే పగులుతుంది. గద్దది నాలుగు వర్షాకాలాలు ఆగుతుంది. గ్లోబుది కొత్తగా వచ్చింది, మందం ఎక్కువ, వెనకాల నల్లగా ఉంటుంది.

ఆ ఛైర్మన్ల ముక్కుల్ని ఆయనంత దగ్గరగా చూసినవాడు జిల్లాలో ఉండడు. ఒక్కో ముక్కు తన మోచేయంత. అందరూ దండం పెడుతుంటారు. ఎవరికి పెడుతున్నారో ఆయనకు తెలియదు గాని, తాడు విప్పుతుంటే ఆ దండం కూడా మడతపడి కిందికి దిగేది. పుస్తకాలు గుండెకు హత్తుకుని నవ్వే ఒక పిల్ల మాత్రం దీపంలోనూ ఉంది, గద్దలోనూ ఉంది, ఒక ఏడాది గ్లోబులోనూ కనిపించింది. మూడింటి మీదా నంబర్ వన్ అనే ఉంది.

"ఈ గుంట ఎన్ని సోట్ల సదువుతాదిరా," అని నిచ్చెన పట్టుకున్నవాణ్ని అడిగేడు. "పాపం, తిండి తింతాదా?"

ఫ్లెక్సీని కప్పు మీద వేసేటప్పుడు వెనక వైపు పైకి, బొమ్మ వైపు కిందికి వేస్తారు. ఎండకు అదే మంచిది. రేకుల కంతలు పెద్దవై, సగం రేకులు తీసేశాక, ఆ ఇంట్లో వెల్లకిలా పడుకుంటే యూనివర్సిటీ కనిపించేది. సన్యాసయ్య కూతురు భారతి ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది అలాగే. ఏ అంటే అడ్మిషన్స్. కింద వరుసగా ఉన్న ఫోన్ నంబర్లలో అంకెల్ని కూడి, తీసేసి, హెచ్చవేసి నిద్రపోయేది. ఆ యూనివర్సిటీలన్నీ కలిసి ఆ వీధికి చేసిన చదువు అంతే. వాటికి ఆ సంగతి తెలిస్తే దానికీ ఫీజు అడిగేవి.

ఆ భారతి ఈ ఏడాది ప్లస్ టూ పాసైంది. పరీక్ష రాసి, కొరాపుట్‌లో సర్కారు యూనివర్సిటీలో లెక్కల కోర్సుకి సీటు తెచ్చుకుంది. శనివారం సాయంత్రం అయిదు లోపల అసలు సర్టిఫికెట్లతో వెళ్లి చేరాలి. చేరకపోతే సీటు తర్వాతి వాళ్లకు పోతుంది.

చేరడానికి ముందు ఆదివారం, ఆ వీధిలో జరగవలసిన చర్చ జరిగింది. అరుగు మీద మహేశ్వరరావు కూర్చున్నాడు. రైల్వే పార్శిల్ ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైనవాడు. ఆయనా, ఆయన పిల్లలూ ఏ యూనివర్సిటీ గడపా తొక్కలేదు. అయినా ఏది ఎన్నో మెట్టు మీద ఉందో, పోయినేడు ఎన్నో మెట్టు నుంచి జారిందో, బ్యాటు పట్టనివాడు స్కోర్లు చెప్పినట్టు చెబుతాడు. పేపరు ముక్కలు కత్తిరించి బిస్కెట్ల డబ్బాలో దాస్తాడు.

"లండనోళ్ల లిస్టు వేరు, ఢిల్లీ లిస్టు వేరు, పత్రికలోళ్ల లిస్టు వేరు," అన్నాడు డబ్బా మూత తీస్తూ. "మూడింట్లోనూ ఉన్నదే యూనివర్సిటీ. మిగతావి బళ్లు."

"మూడింట్లోనూ ఉన్నది ఏటి బాబూ?" అన్నాడు సన్యాసయ్య.

మహేశ్వరరావు వెతికాడు. ఒక దాన్లో ఏడో స్థానంలో ఉన్నది ఇంకో దాన్లో నూట ముప్ఫైలో ఉంది. మూడో ముక్క చెదలు తినేసింది.

అప్పుడు కామేష్ అందుకున్నాడు. కామేష్ సన్యాసయ్య భార్య పాపాయమ్మకు తమ్ముడు. ముందు పాలసీలు అమ్మాడు, తర్వాత మిక్సీలు అమ్మాడు, ఇప్పుడు మెడలో గుర్తింపు కార్డు తాడు వేసుకుని గ్లోబు మార్కుకి పిల్లల్ని చేరుస్తున్నాడు. తలకింత అని వాడికి వస్తుంది.

"బావా, నీకు తెల్దు గాని, మాది ఆసియాలో ఆరో ప్లేసు."

"దేన్లోరా?"

"దేన్లో ఏటి, ఆసియాలో."

"అదేరా, ఆసియాలో దేన్లో? పరుగు పందెంలోనా?"

"నీతో మాటాడ్డం కాదు బావా," అని అక్క వైపు తిరిగాడు. "అప్పా, నువ్వు సెప్పు. అక్కడ రూములో ఏసీ. కాలేజీ బస్సు గుమ్మం కాడికి వస్తాది."

పాపాయమ్మ తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఆవిడకు ఏసీ మీద మోజు లేదు. పక్కింటి ఎర్రమ్మ తన కొడుకు గద్దలో చదివాడని కొళాయి దగ్గర రోజూ వినిపిస్తుంది. ఆ మాటకు ఎదురు చెప్పడానికి ఆవిడకు ఒక మార్కు కావాలి.

"కొరాపుట్‌దానికి పేరుందేటి మరి?" అంది మెల్లగా.

"అబ్బే," అన్నాడు మహేశ్వరరావు. "ఈ ఊళ్లో దాని ఫ్లెక్సీ ఒక్కటి సూసేవా? ఫ్లెక్సీ లేని యూనివర్సిటీ ఏం యూనివర్సిటీ?"

"కలెక్టరాఫీసుకి ఫ్లెక్సీ కట్టేరేటి బాబూ? రైలుకి కట్టేరేటి?" అన్నాడు సన్యాసయ్య. "ఎర్రమ్మ కొడుకు గద్దలో సదివేడు. ఇప్పుడేటి సేస్తన్నాడు? బస్టాండు కాడ గద్ద డేరాలో కూకుని గద్ద కాయితాలు పంచుతన్నాడు. కామేసూ, మీ గ్లోబులో సదివినోడు కూడా గ్లోబు కాయితాలే పంచుతాడా?"

అరుగు చివర నోటుబుక్కుతో కూర్చున్న భారతిని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. "నేను కొరాపుట్టే ఎల్తాను," అంది ఆ పిల్ల తలెత్తకుండా.

"లెక్కలు ఎక్కడైనా లెక్కలే కదే అమ్మీ," అన్నాడు కామేష్.

"అయితే అక్కడ సదువుకుంతాన్లే మావా."

చర్చ అక్కడితో అయిపోయిందని సన్యాసయ్య అనుకున్నాడు.

గురువారం భారతి తన సర్టిఫికెట్ల ఫైలు కోసం కామేష్ ఇంటికి వెళ్లింది. ఫైలు అక్కడికి ఎందుకు వెళ్లిందంటే, నెత్తిన ఉన్నది దీపం మార్కు కనక. జూన్‌లో మొదటి వానకే అది పగిలి నీళ్లు పెట్టె మీద పడ్డాయి. కామేష్‌ది స్లాబు ఇల్లు. కాగితాలు తడవకుండా ఉంటాయని పాపాయమ్మే తీసుకెళ్లి తమ్ముడి బీరువాలో పెట్టించింది.

భారతి చేతులూపుకుంటూ తిరిగొచ్చింది.

"ఫైలు గ్లోబు ఆఫీసులో ఇచ్చేసేడంట. ఎరిఫికేషనంట. అక్కడికెల్తే, నా పేరు ఎక్కించేసేరంట, ఇప్పుడు ఇవ్వరంట."

"ఆడు నా తమ్ముడే," అంది పాపాయమ్మ, ఎవరో కాదన్నట్టు. "నేనే కదా ఇచ్చేను. కారతాదని ఇచ్చేను."

సన్యాసయ్యకు తన తప్పు గుర్తొచ్చింది. బస్టాండు చౌకులో గ్లోబు ఆఫీసు ఎదురుగా ఉన్న పెద్ద ఫ్లెక్సీకి గడువు తీరి నాలుగు వారాలైంది. దించమని కాగితం జేబులోనే ఉంది. 'మాది ఆఖర్న దించు బావా, అడ్మిషన్లయ్యేక ఆ ఫ్లెక్సీ నీ ఇంటికే' అని కామేష్ చెబితే, మందం చూసి ఒప్పుకున్నాడు. ఇంటి కప్పు కోసం గ్లోబు ఛైర్మన్ బొమ్మను ఊళ్లో నిలబెట్టింది తనే. ఆ బొమ్మను చూసే ఎంతమంది తల్లులు లోపలికి వెళ్లి ఫైళ్లు ఇచ్చారో.

శుక్రవారం పొద్దున్న పదింటికి నిచ్చెన చౌకులో వేశాడు.

ఆ రోజు మధ్యాహ్నం గ్లోబు ఛైర్మన్ వస్తున్నాడని ఆఫీసు ముందు పూలదండలు కడుతున్నారు. ఫ్లెక్సీ మీద ఆయనే, రెండంతస్తుల ఎత్తున, దండం పెడుతున్నాడు. సన్యాసయ్య కత్తి తీయలేదు. కత్తితో కోస్తే తాడు దూర్చిన కంతలు చిరుగుతాయి. ముడి తరవాత ముడి వేళ్లతో విప్పుకుంటూ పోయాడు. ఎడమ పై మూల జారింది. ఛైర్మన్ నెత్తి ముందుకు మడతపడి ఆయన ముక్కు మీదే వాలింది.

లోపలి నుంచి మేనేజరు పరుగున వచ్చాడు. విశాఖ నుంచి వచ్చినవాడు, టై కట్టుకున్నాడు. వెనకాలే కామేష్.

"ఏమయ్యా, ఏం చేస్తున్నావు? పన్నెండింటికి మా ఛైర్మన్ గారు వస్తున్నారు."

"ఆర్డరుంది సారు." జేబులోంచి కాగితం తీసి పై నుంచే చూపించాడు.

"రేపు తీసుకో. ఒక్క రోజు."

"రేపు నేను సెలవు. మా అమ్మిని కొరాపుట్‌లో దిగబెట్టాల." రెండో మూల ముడి మీద చెయ్యి వేశాడు. "దిగబెడదావంటే సర్టిఫికెట్లు నేవు. మీ బీరువాలో ఉన్నాయంట."

మేనేజరు కామేష్ వైపు చూశాడు. కామేష్ నిచ్చెన వైపు చూశాడు.

"బావా, దిగు, కూకుని మాటాడుకుందాం. నలుగురు సూస్తన్నారు."

"సూడనీరా. సూడ్డానికే కదా కట్టేరు."

నిజంగానే నలుగురు కాదు, నలభైమంది చూస్తున్నారు. ఆటోలు ఆగిపోయాయి. ఎర్రమ్మ కొడుకు గద్ద డేరాలోంచి బయటికి వచ్చి ఫోన్ పైకెత్తాడు. లోపల కుర్చీల్లో కూర్చున్న తండ్రుల్లో ఒకడు బయటికి వచ్చి, పైకీ కిందికీ చూసి, మళ్లీ లోపలికి వెళ్లి, తన ఫైలు తనకిచ్చెయ్యమని అడిగాడు. అది విన్నాక మేనేజరుకి తొందర పుట్టింది. అయిదు నిమిషాల్లో భారతి ఫైలు నిచ్చెన కిందికి వచ్చింది. సన్యాసయ్య దిగి, చేతులు లుంగీకి తుడుచుకుని, కాగితాలు ఒక్కొక్కటి తీసి చూసుకుని, చొక్కా లోపల పెట్టుకున్నాడు. పెట్టుకుని మళ్లీ నిచ్చెన ఎక్కాడు.

"ఇచ్చేశాం కదయ్యా," అన్నాడు మేనేజరు.

"ఇచ్చేరు. అది మీ డ్యూటీ. ఇది నా డ్యూటీ."

"బావా, ఇది నాయం కాదు."

"దించనని నేనెప్పుడన్నాన్రా?"

పదకొండున్నరకు ఛైర్మన్ పూర్తిగా కిందికి దిగాడు. చాపలా చుట్టి, సైకిలు మీద అడ్డంగా వేసుకుని సన్యాసయ్య ఇంటికి తెచ్చాడు. పన్నెండింటికి వచ్చిన అసలు ఛైర్మన్ ఎలా ఉన్నాడో ఆయన చూడలేదు. చూసినా గుర్తుపట్టేవాడు కాదు. అంత చిన్న ముక్కుని ఆయన ఎప్పుడూ చూడలేదు.

శనివారం తెల్లవారుతూనే తండ్రీకూతుళ్లు కొరాపుట్ బస్సెక్కారు. జల్లు మొదలైంది. కండక్టరు హాస్టలుకని తెచ్చిన పరుపు చుట్టను లోపల పెట్టనివ్వలేదు, టాపు మీద వేయించాడు. సన్యాసయ్య దాన్ని గ్లోబు ఫ్లెక్సీలోనే చుట్టి తాడు కట్టాడు. ఘాట్ రోడ్డు మీద వాన దంచికొట్టింది. కిటికీలకు పట్టాలు దించేశారు. భారతి ఒళ్లో ఫైలు పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసి కూర్చుంది. దారంతా ఆ చేతులు తియ్యలేదు.

ఒంటిగంట లోపలే చేరడం అయిపోయింది. టేబులు దగ్గరి గుమస్తా కాగితాలు చూసి, జిరాక్సులు ఉంచుకుని, అసలువి వెనక్కి ఇచ్చేశాడు. సన్యాసయ్య నమ్మలేక, 'అయ్యా'కి ఒడియా మాట తగిలించి మరోసారి అడిగాడు. "ఇయ్యి మావేనా, ఆజ్ఞా?" గుమస్తా తలెత్తకుండా తలూపాడు.

హాస్టలు వరండాలో తాళ్లు విప్పి పరుపు మీద అరచెయ్యి వేసి నొక్కి చూశాడు. అటు తిప్పి మళ్లీ నొక్కాడు. పొడిగా ఉంది.

"ఏదైతేనేం," అన్నాడు ఫ్లెక్సీని తట్టి, "దీనికన్నా గట్టి యూనివర్సిటీ నేను సూళ్లేదు." భారతి నవ్వి, మొహం అటు తిప్పుకుంది. ఆయన ఫ్లెక్సీ నీళ్లు దులిపి, మడత పెట్టి, భుజాన వేసుకుని సాయంత్రం బస్సుకి తిరిగొచ్చాడు.

ఆదివారం వాన తెరిపి ఇచ్చాక నిచ్చెన ఇంటికే వేశాడు. అరుగు మీద మహేశ్వరరావు డబ్బాతో సిద్ధంగా ఉన్నాడు గాని, ఆ రోజు ఎవరూ మూత తియ్యమనలేదు. పగిలిన దీపాన్ని లాగి పారేసి, గ్లోబుని పరవడానికి పైకి లాగుతుంటే, కింద కొస పట్టుకున్న పాపాయమ్మ అడిగింది.

"నల్ల వైపే కదా పైకి?"

"కాదు. బొమ్మ పైకి ఉండనీ."

"రంగు పోతాదయ్యా. ఎండకి పెళుసెక్కదేటి?"

"పోతే పోనీ. కింద పడుకుని సదివీ మనిసి ఎల్లిపోయింది కదే," అన్నాడు సన్యాసయ్య, మూల మీద ఇటుక పెడుతూ. "ఇంకెవులికి ఆడి మొహం? తడిస్తే ఆణ్నే తడవనీ."