అద్దం నుంచి అద్దం దాకా

ఊళ్లో నన్ను పుణ్యాత్మురాలు అంటారు. అంబులెన్సుకి దారి చూపే మనిషి అంటారు. అది అబద్ధం. నాకు సంతకం వరకే వచ్చు కాబట్టి నేను చెబుతుంటే మా అక్క కూతురు రాస్తోంది. ఎక్కడా మెత్తబరచొద్దని దానికి ముందే చెప్పాను. నేను చేసిందంతా ఒక్క మనిషి మీద కసితో చేశాను.

నర్సీపట్నం నుంచి మాకవరపాలెం వెళ్లే రోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడిస్తే మా ఊరు. ఊరికి ఉన్నది ఒకటే వీధి. వీధి మొదట్లో ఒక పెద్ద రైతు ఇల్లు, చివర్న మా ఇల్లు. మా వెనక అన్నీ చెరకు తోటలే. నా మగడు ఆ రైతు దగ్గరే చెరకు కొట్టేవాడు.

ఆ రోజు ఆ రైతు పెద్ద కూతురు పెళ్లి. భోజనాలకి అరిటాకులు కోసుకు రమ్మని నా మగణ్ని ఆయనే అరటితోటలోకి పంపాడు. ఆకుల కట్ట ఎత్తుకుంటుంటే తాచుపాము కరిచింది. ఎవరో ఇంటికి మోసుకొచ్చారు. ఫోన్ చేశాం. అంబులెన్సు వెంటనే వచ్చింది, ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. వచ్చి వీధి మొదట్లో ఆగిపోయింది. అక్కడ పెళ్లి పందిరి ఉంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేసేశారు. రాట సరిగ్గా నడివీధిలో పాతారు.

రాట ఎలా పాతుతారో తెలుసు కదా. మంచి గడియ చూసి, గోతిలో నవధాన్యాలు పోసి, గుంజకి పసుపు రాసి, మామిడాకులు కట్టి పాతుతారు. పదహారు రోజుల పండగ అయ్యేదాకా దాన్ని కదపకూడదు. కదిపితే పెళ్లికూతురికి కీడంటారు.

అంబులెన్సు తోలేవాణ్ని పైలట్ అంటారు, విమానం లేకపోయినా. ఆ పైలట్ దిగి దండం పెట్టాడు. ఆ ఒక్క గుంజ తీస్తే బండి పట్టేస్తుందన్నాడు. రైతు తీయనన్నాడు. పోనీ స్ట్రెచర్ మీద పందిరి కింద నుంచి మోసుకొస్తామన్నాడు పైలట్. తాళి కట్టే వేళకి చావుబతుకుల మనిషిని పందిట్లోంచి మోయిస్తావా అని రైతు అడిగాడు. నేను కాళ్ల మీద పడ్డాను. ఆయన తిట్టలేదు, కసరలేదు. మెల్లగానే చెప్పాడు.

"శుభమాని పెళ్లి జరుగుతుంటే ఇదేటమ్మా. గట్టు మీంచి సుట్టూ తిప్పి తీసుకెళ్లండి. ఎంతసేపు, రెండు నిమిసాలు."

నులకమంచం మీద వేసి నలుగురు మోశారు. ముందు రోజే చెరకుతోటకి నీళ్లు పెట్టారు, కాళ్లు మోకాలి దాకా దిగబడిపోతున్నాయి. ఒకచోట మంచం ఒరిగి నా మగడు బురదలో పడ్డాడు. పందిట్లో సన్నాయి మాకు వినబడుతూనే ఉంది. రోడ్డెక్కేసరికి కళ్లు వాలిపోయాయి, మాట పడిపోయింది. నర్సీపట్నం పొలిమేర దగ్గర ఊపిరి ఆగింది. పైలట్ బండి పక్కకి తీసి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. "పావుగంట ముందయితే బతికేవోడు, పిన్నీ," అన్నాడు.

పన్నెండో రోజు అయింది. ఏడాది గడప దాటకూడదన్నారు, మర్నాడే దాటాను. ఒక వెదురు కర్ర పట్టుకుని బస్సెక్కి నర్సీపట్నంలో అంబులెన్సు ఆగే చోటికి వెళ్లాను. నీ బండి ఎంత వెడల్పో దీని మీద చూపించు అన్నాను. ఆ పైలట్ నన్ను ఎందుకని అడగలేదు. ఈ పక్క అద్దం నుంచి ఆ పక్క అద్దం దాకా కర్ర పట్టి, అటు బెత్తెడు ఇటు బెత్తెడు కలిపి కోశాడు. రెండు కొసలకీ బండికి అతికించే ఎర్ర మెరుపు టేపు చుట్టి ఇచ్చాడు.

ఆనాటి నుంచి ఊళ్లో ఎవరు పందిరి వేసినా నా కర్ర వెళ్లాల్సిందే. పెళ్లయినా, చావయినా, వినాయకుడయినా. మొదట్లో నవ్వారు. వినాయకుడి పందిరి వేసే కుర్రాళ్లయితే, "ఏటి పిన్నీ, ఇనాయకుడిక్కూడా సుస్తీ సేస్తాదా?" అన్నారు.

"ఆయన పేరు సెప్పి ఇన్ని ఉండ్రాళ్లు మింగుతున్నావే, నీకు సేస్తాది. జరుపు," అన్నాను. జరిపారు.

తర్వాత ఒక చావు పందిరి దాటుకుని బండి పురిటి మనిషి గుమ్మం దాకా వచ్చింది. తల్లీబిడ్డా బతికారు. అప్పటి నుంచి ఎవరూ నవ్వలేదు. పంతులుగారు ముహూర్తం పెడితే నేను చోటు పెట్టేదాన్ని. పక్క ఊళ్ల వాళ్లు కూడా పిలిచేవారు. పైలట్ మా వైపు కేసు వస్తే ముందు నాకే ఫోన్ చేసేవాడు, వీధి ఖాళీయేనా పిన్నీ అని. ఎర్ర టేపు చూస్తే చాలు, ఎంతటివాడైనా గుంజ జరిపేవాడు.

ఇంత చాకిరీ దేనికి చేస్తున్నావని ఎవరైనా అడిగితే చెప్పేదాన్నేమో. ఆ రైతుకి రెండో కూతురు ఉంది. ఆ పిల్ల ఇంటర్ పూర్తి చేసింది, డిగ్రీ పూర్తి చేసింది, నేను చూస్తూనే ఉన్నాను. దాని పెళ్లికి వాళ్ల నాన్న రాట పాతాలి. నేను వెళ్లి కొలవాలి. పసుపు రాసిన ఆ రాటని నలుగురి ముందు ఆయన తన చేతులతో పీకాలి. అన్నేళ్లూ నా పొట్టలో ఉన్న కోరిక అదొక్కటే.

ఈ ఏడు ఆ పెళ్లి వచ్చింది. రాట పాతిన రోజు పొద్దున్నే దూరం నుంచి చూశాను. గోడకి దగ్గరగా, పక్కకి తప్పించి పాతాడు. నా కర్ర చక్కగా పట్టేస్తుందని చూడగానే తెలిసిపోయింది. ఒళ్లు మండిపోయింది. దారి ఇవ్వడం ఆయనకి చేతనవుతుందన్నమాట. నా మగడికి ఇవ్వడం మాత్రమే చేతకాలేదన్నమాట.

ఇంటికొచ్చి ఇంకో వెదురు తీశాను. జానెడు పొడుగు ఎక్కువ పెట్టి కోశాను. పాత కర్రకున్న టేపు గోటితో ఊడదీసి కొత్తదానికి చుట్టాను.

నేను వెళ్లేసరికి పందిట్లో చుట్టాలందరూ కాఫీలు తాగుతున్నారు. ఆయన నన్ను చూసి, రా అమ్మా, కొలుచుకో అన్నాడు. గోడకి ఒక కొస ఆనించాను. రెండో కొస రాటకి తగిలి ఆగిపోయింది. ఆయన ఆ కొసని చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. చాలాసేపు చూశాడు.

ఆయన భార్య ముందుకొచ్చింది. "రాట పీకితే పిల్ల బతుకేటవుతాదే?"

"నా బతుకేటయిందో ఎవులూ అడగనేదు గదమ్మా," అన్నాను.

ఎవరో వెళ్లి పనివాణ్ని పిలుచుకొస్తామన్నారు. ఆయన వద్దని గునపం తెప్పించుకున్నాడు. వంగి తనే తవ్వాడు, గుంజని రెండు చేతులా పట్టుకుని పైకి లాగాడు. తెల్ల చొక్కా అంతా పసుపు అయింది. గోతిలో తడి నవధాన్యాలు దోసిలితో ఏరి, జానెడు అవతల కొత్త గోతిలో పోశాడు. పెళ్లికూతురు గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. నేను చూపు తిప్పుకోలేదు.

"ఇప్పుడు సరిపోద్దా?" అని అడిగాడు. సరిపోద్దన్నాను. ఆ పూట కడుపు నిండా తిన్నాను.

మర్నాడు పైలట్ ఒక కేసు దింపి తిరిగొస్తూ మా గుమ్మంలో బండి ఆపాడు. రాట పీకిన సంగతి విన్నాడేమో, నా కర్ర అందుకుని బండి అద్దాలకి ఆనించాడు. రెండు బెత్తెళ్లూ పోను ఆ పక్క ఇంకా జానెడు బయటికి వచ్చింది.

"మొన్న ఆయనే నన్ను బతిమాలి బండి రప్పించుకున్నాడు పిన్నీ. అద్దాల కాడ గుర్తులెట్టుకుని మరీ రాట పాతాడు," అన్నాడు. "కర్ర అబద్దమని ఆయనకి తెలుసు."

కర్ర కోసం చెయ్యి చాపాను, ఇవ్వలేదు.

"ఇది ఊరికి తెలిస్తే రేపు ఎవడు జరుపుతాడు గుంజ? నా బండి మళ్లీ ఆ పందిరి కాడే ఆగిపోద్ది. నీ ఆయన్లాంటోడే ఇంకోడు పోతాడు."

బండిలోంచి రంపపు బ్లేడు తీసి ఆ జానెడూ కోసేశాడు. టేపు మళ్లీ చుట్టాడు. కర్ర నాకే ఇచ్చాడు. ఇవ్వడేమో అనుకున్నాను. కోసిన ముక్క నా తలుపుకి గడియగా పెట్టుకున్నాను. సరిగ్గా సరిపోయింది.

ఆయన నోరు విప్పలేదు. అందరి ముందు నన్ను దొంగ అనొచ్చు, అనలేదు. తెలిసీ ఎందుకు పీకాడో నన్ను అడగమంటారు మా అక్క కూతురూ పైలటూ. అడగను. అడిగితే ఆయన చెబుతాడు, చెబితే నేను వినాలి, వింటే మనసు మెత్తబడుతుంది. ఆయన గుంజ పీకాడు, మళ్లీ పాతాడు. నేను మళ్లీ పాతుకునేదేమీ లేదు.

పదహారు రోజుల పండగ నాడు ఆయన మా ఇంటికి వచ్చాడు. ఒక్కడే, చేతిలో తాంబూలం పళ్లెంతో. నేను లోపల గడియ వేసి, తలుపు సందులోంచి చూస్తూ కూర్చున్నాను. అమ్మా అని రెండుసార్లు పిలిచాడు. ఆ రోజు గట్టు మీద మంచం మోసినంతసేపు నిలబడితే తీద్దాం అనుకున్నాను.

అంతసేపు నిలబడలేదు.