పిచ్చుక మాట మానేసిన ఇల్లు

మా వీధి దర్జీ అక్క కూతుర్ని అందరం పిచ్చుక అనేవాళ్లం. దాని నోటికి తాళం ఉండేది కాదు. తల్లి గుండీలు కుడుతుంటే పక్కన చేరి, బట్టలిచ్చేందుకు వచ్చిన ప్రతివాళ్లనూ కబుర్లలోకి దించేది. సాయంత్రమైతే ఇంటి పక్క ఖాళీ స్థలంలో తోటి ఆడపిల్లలతో షటిల్ ఆడేది.

దానికి పదిహేడేళ్లు నిండిన ఏడు, ఆ స్థలంలో పాత బళ్లు విరగ్గొట్టే యార్డు పెట్టారు. పొద్దున మొదలైతే చీకటి పడేదాకా సమ్మెట దెబ్బలే. కాలిన రబ్బరు వాసన కంచం దాకా వచ్చేది. గేటు దగ్గర చేరే మగవాళ్లు ఏ ఆడపిల్లనూ ఊరికే పోనిచ్చేవారు కాదు. ఆటలు ఆగిపోయాయి. పగిలిన వీధి దీపం బదులు మళ్లీ కొత్తది ఎవరూ పెట్టలేదు.

పిచ్చుక ముందు కిటికీ మూసింది. తర్వాత కాలేజీ మానేసింది. చివరికి మాటలు కూడా. గోడవైపు తిరిగి పడుకునేది.

"ఈ వయసులో ఇంత బద్ధకం ఏమిటే?" అని తల్లి కేకలేసేది.

"తలలో కొడుతున్నట్టుందమ్మా." అంతకుమించి చెప్పేది కాదు.

చప్పుడు తగ్గించమని అడగడానికి యార్డు యజమాని దగ్గరికి దర్జీ అక్కకు తోడుగా నేనూ వెళ్లాను.

"ఇనుము కొడితే చప్పుడు రాక సంగీతం వస్తుందామ్మా?" అన్నాడతను. గేటు దగ్గరివాళ్లు పగలబడి నవ్వారు.

తిండి మానేసిన పిచ్చుక ఒక మధ్యాహ్నం కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ దానితో విడిగా మాట్లాడి బయటికొచ్చింది.

"మీ ఇంటి చుట్టుపక్కల ఏముందమ్మా?"

"జబ్బు పిల్లకైతే చుట్టుపక్కల సంగతెందుకండీ?"

"పిల్ల బతికేది అక్కడే కదా!"

మందులిచ్చి, కొన్నాళ్లు చోటు మార్చమంది. పిచ్చుకను వాళ్ల పెద్దమ్మ ఇంటికి పంపారు. దర్జీ అక్క మాత్రం కదల్లేకపోయింది. బట్టలిచ్చేవాళ్లందరూ ఈ వీధివాళ్లే మరి.

పిల్ల మెల్లగా కోలుకుంది. అక్కడే కాలేజీలో చేరింది. తల్లి ఆదివారాలు వెళ్లొచ్చేది. ఒకసారి తిరిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా గడప మీద కూలబడింది.

"వాళ్ల పెద్దమ్మతో ఏదో చెప్పి నవ్వుతోంది చెల్లీ. ఎన్నాళ్లకు విన్నానో ఆ నవ్వు! నేను గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, టక్కున ఆపేసింది."

"అలసిపోయి ఉంటుందిలే," అన్నాను.

"కాదు. నన్ను చూస్తే ఈ ఇల్లే గుర్తొస్తుంది దానికి."

పక్కన సమ్మెటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత తను వెళ్లడం తగ్గించుకుంది.